కంప్యూటర్లు ఎక్కడ తడబడతాయి?

"5 సంవత్సరాలు నిండి, 12 సంవత్సరాల లోపు వయసున్న పిల్లలకు అరటిక్కెట్టు." ఒక బస్సులో ఇలా రాసి ఉందనుకోండి. ఎనిమిదేళ్ళ పాపకు ఏ టిక్కెట్టు ఇవ్వాలో కండక్టరుకు సందేహం రాదు. ముప్ఫయ్యేళ్ళ ఆసామి విషయంలో అసలే రాదు. ఇంతలో ఒక అబ్బాయి ఎక్కాడు. సరిగ్గా ఇవాళే వాడి పన్నెండో పుట్టినరోజు. ఇక చూడండి తమాషా! "పన్నెండు నిండాయి కదమ్మా, పూర్తి టిక్కెట్టే" అంటాడు కండక్టరు. "నిండాయి గాని దాటలేదుగా బాబూ!" అంటుంది వాళ్ళమ్మ. బస్సులో సగం మంది అటు, సగం మంది ఇటు.

ఫీజు పదో తారీఖు "లోపు" కట్టమంటే పదో తారీఖున కట్టవచ్చా? పదో తారీఖు "వరకు" అంటే? "దాకా" అంటే? మీ ఇంట్లో నలుగురిని విడివిడిగా అడిగి చూడండి. నాలుగు జవాబులు రాకపోయినా, రెండయినా వస్తాయి.

మనుషులైతే ఇలాంటి చోట వాదించుకుని, ఎలాగో ఒకలాగ సర్దుకుంటారు. కంప్యూటరుకు వాదన తెలియదు. ప్రోగ్రాం రాసినవారు "వయసు 12 కన్న తక్కువైతే" అని రాశారా, "12 గాని అంతకన్న తక్కువ గాని అయితే" అని రాశారా అన్నదే దానికి లెక్క. రెండింటికీ తేడా ఒక్క చిన్న గుర్తు. అలవాటుగా వేళ్ళు కొట్టేసే గుర్తు అది. పొరపాటున ఒకదాని బదులు మరొకటి పడితే ఎనిమిదేళ్ళ పాపతో పరీక్షించినా తెలియదు, ముప్ఫయ్యేళ్ళ మనిషితో పరీక్షించినా తెలియదు. వెయ్యిమంది ఎనిమిదేళ్ళ పిల్లల్ని తెచ్చి నిలబెట్టినా తెలియదు! ఆ తప్పు బయటపడేది పన్నెండో పుట్టినరోజున బస్సెక్కిన ఆ ఒక్క అబ్బాయి వల్లనే.

అందుకే ప్రోగ్రాములను పరీక్షించేవారు నడిమధ్యన ఎక్కువ సేపు గడపరు. నేరుగా అంచుల దగ్గరికి పోతారు. ఈ బస్సు ప్రోగ్రామునే వారికిస్తే ముందుగా 4, 5, 6 సంవత్సరాల వయసులు, ఆ తరవాత 11, 12, 13 ఇచ్చి చూస్తారు. పిమ్మట సున్నా ఇస్తారు. చంకలో బిడ్డ వయసు సున్నాయే గదా! చివరికి "మైనస్ 3" కూడా ఇస్తారు. అలాంటి వయసు ఎవరికీ ఉండదు, నిజమే. కాని తొందరలో ఎవరైనా అలా కొట్టారనుకోండి, యంత్రం "తప్పు" అంటుందా, లేక నోరు మూసుకుని అరటిక్కెట్టు చేతిలో పెడుతుందా?

366వ రోజు

ఇదంతా అరటిక్కెట్టు గొడవే గదా అనుకోకండి. 2008 డిసెంబరు 31న అమెరికాలో "జూన్" అనే పాటల యంత్రాలు పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. మైక్రోసాఫ్టు కంపెనీవారు అమ్మినవి. 30 గిగాబైట్ల రకం మాత్రమే ఆగింది. మర్నాడు, అంటే జనవరి 1న, వాటంతట అవే బాగుపడ్డాయి.

ఏమైందో మీరే కనిపెట్టవచ్చు. యంత్రంలోని గడియారం దగ్గర కొన్ని రోజుల లెక్క ఉంటుంది. దాన్నుంచి ఇది ఏ సంవత్సరమో తేల్చాలి. ప్రోగ్రాం ఇలా సాగుతుంది: "మిగిలిన రోజులు 365 కన్న ఎక్కువగా ఉన్నంతసేపూ ఈ పని చెయ్యి. ఇది లీపు సంవత్సరమైతే, రోజులు 366 కన్న ఎక్కువ ఉంటే 366 తీసివేసి, సంవత్సరం ఒకటి పెంచు. లీపు సంవత్సరం కాకపోతే 365 తీసివేసి, సంవత్సరం ఒకటి పెంచు." చదివితే అంతా సరిగ్గానే ఉన్నట్టు తోస్తుంది.

2008 లీపు సంవత్సరం. డిసెంబరు 31 దానిలో 366వ రోజు. ఇప్పుడు 366తో మీరే కాగితం మీద నడిపి చూడండి. 365 కన్న ఎక్కువేనా? ఎక్కువే, కాబట్టి లోపలికి వెళ్ళాలి. లీపు సంవత్సరమా? అవును. 366 కన్న ఎక్కువా? కాదు, సరిగ్గా 366. అయితే తీసివేసేది ఏమీ లేదు. మళ్ళీ మొదటికి. 365 కన్న ఎక్కువేనా? ఎక్కువే... ఇక గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళలో ఒక్క రోజు మాత్రమే ఈ సుడి పడుతుంది. మిగతా 1460 రోజుల్లో ఏ రోజు పరీక్షించినా ప్రోగ్రాం నిక్షేపంగా పనిచేస్తుంది.

మీటరు తిరిగిపోతే

అంచులు క్యాలెండరులోనే కాదు, అంకెల్లో కూడా ఉన్నాయి. పాత స్కూటరు మీటరు చూసే ఉంటారు. చిన్న చక్రాల మీద అయిదు అంకెలు. అది 99999 కిలోమీటర్ల దగ్గర ఉన్నప్పుడు ఇంకొక్క కిలోమీటరు నడిపితే ఏమవుతుంది? అన్ని చక్రాలూ తిరిగి 00000 వస్తుంది. లక్ష అని చూపడానికి ఆరో చక్రం లేదు మరి.

కంప్యూటరు లోపల కూడా ప్రతి సంఖ్యకూ ఇన్ని గళ్ళని కేటాయింపు ఉంటుంది. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని పడుతుంది. దాన్నే బిట్టు అంటారు. 16 బిట్లు ఉంటే మొత్తం 65,536 రకాల అమరికలు వస్తాయి. అందులో సగం రుణ సంఖ్యలకు పోతాయి. కాబట్టి మైనస్ 32,768 మొదలు 32,767 వరకే పడుతుంది. 32 బిట్లయితే పెద్ద హద్దు 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. చాలా పెద్ద సంఖ్య అనిపిస్తుంది. కాని "గాంగ్నమ్ స్టైల్" అనే కొరియా పాటను జనం ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టే యూట్యూబు మీటరుకు 2014లో అది సరిపోలేదు. అక్కడి ఇంజనీర్లు ముందే పసిగట్టి, మీటరును 64 బిట్లకు మార్చారు కాబట్టి ఆ కథ నవ్వులతో ముగిసింది.

నవ్వులతో ముగియని కథ ఒకటుంది. దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

రాకెట్టు లేచిన అరనిమిషానికి

దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా అని ఒక ప్రాంతం ఉంది. అక్కడి కూరూలో యూరపు దేశాల రాకెట్టు కేంద్రం ఉంది, మనకు శ్రీహరికోట ఎలాగో అలాగ. మన దేశపు మొట్టమొదటి సమాచార ఉపగ్రహం "యాపిల్" 1981లో ఎగిరింది అక్కడినుంచే, ఏరియేన్ రాకెట్టు మీదనే.

1996 జూన్ 4. ఏరియేన్-5 అనే కొత్త రాకెట్టు మొదటిసారి ఎగరబోతోంది. దాని నిర్మాణానికి 1987లోనే నిర్ణయం జరిగింది. తొమ్మిదేళ్ళ శ్రమ. తలమీద నాలుగు "క్లస్టర్" ఉపగ్రహాలు. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి మన భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎలా కదిలిస్తుందో నాలుగు చోట్ల నుంచి ఒకేసారి చూడాలని శాస్త్రజ్ఞుల ఆశ. రాకెట్టు చక్కగా లేచింది. లేచిన సుమారు 30 సెకన్లకు, దాదాపు 3700 మీటర్ల ఎత్తున, ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. గాలి తాకిడికి విరగసాగింది. అలా జరిగితే తనను తాను పేల్చుకునే ఏర్పాటు అందులో ముందే ఉంటుంది. అది తన పని చేసింది. ముక్కలన్నీ చుట్టుపక్కల మడ అడవుల బురదలో పడ్డాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు చూసినవారికి ఆ బురదలో వెతకడం ఎంత పనో తెలుస్తుంది. అయినా వెతికారు. తమకు కావలసిన రెండు పెట్టెలను బయటికి తీశారు.

ఆ పెట్టెలు ఏమిటి? రాకెట్టు ఎటు తిరిగి ఉంది, ఎంత వేగంతో పోతోంది అని క్షణక్షణం లెక్కవేసి, ప్రధాన కంప్యూటరుకు చెప్పే పరికరాలు. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకోవాలని రెండు పెట్టారు. రెండింటిలో ఒకటే ప్రోగ్రాం. దాన్ని కొత్తగా రాయలేదు. పాత ఏరియేన్-4 రాకెట్టులో ఏళ్ళ తరబడి ఏ పేచీ లేకుండా పనిచేసిన ప్రోగ్రాములో కొంత భాగాన్ని అలాగే తెచ్చి పెట్టారు. బాగా పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకన్నది వారి ఆలోచన. ఆ ఆలోచనను తప్పు పట్టడం కష్టమే.

ఆ ప్రోగ్రాములో ఒకచోట, రాకెట్టు అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన ఒక విలువ ఉంది. 64 బిట్లలో ఉన్న ఆ విలువను 16 బిట్ల సంఖ్యగా మార్చాలి. అంటే బిందె నీళ్ళను చెంబులో పోయడం అన్నమాట. ఏరియేన్-4 విషయంలో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే దాని దారిలో ఆ బిందె అడుగున కాసిని నీళ్ళే ఉండేవి. ఏరియేన్-5 దారి వేరు. మొదటి క్షణాల్లో దాని అడ్డవేగం ఏరియేన్-4 వేగం కన్న అయిదు రెట్లు చురుగ్గా పెరుగుతుంది. విలువ 32,767 దాటింది. చెంబు పొర్లింది.

"ఇది పట్టదు" అని యంత్రం ఫిర్యాదు చేసింది. అలా ఫిర్యాదు వస్తే ఏం చెయ్యాలో ఆచోట రాసి లేదు. రాయకపోవడం నిర్లక్ష్యం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. ఇలా పొర్లే అవకాశమున్న విలువలు ఏడు ఉన్నాయని వారు గుర్తించారు. కంప్యూటరు మీద బరువు 80 శాతం దాటకూడదని నియమం పెట్టుకున్నారు. కాబట్టి నాలుగింటికే కాపలా పెట్టి, మూడింటిని వదిలేశారు. ఆ మూడూ ఎన్నడూ అంత పెద్దవి కావని అనుకున్నారు. పాత రాకెట్టుకు ఆ మాట అక్షరాలా నిజం.

కాపలా లేదు కాబట్టి సాధారణ నియమం పనిచేసింది. పరికరంలో లోపం కనబడితే అది యంత్రభాగం చెడిపోవడమే అయి ఉంటుంది, కనుక లోపాన్ని తెలియజేసి ఆగిపో, రెండో పరికరం చూసుకుంటుంది అన్నదే ఆ నియమం. యంత్రభాగం చెడితే ఇది మంచి నియమమే. ఒక బల్బు మాడినంత మాత్రాన రెండోది మాడదు. కాని ఇక్కడ రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాం, అదే లెక్క, అదే చెంబు. నిజానికి రెండో పరికరం అంతకు ఒక లిప్తకాలం ముందే అదే కారణంతో ఆగిపోయి ఉంది! ఆగిపోతూ మొదటి పరికరం "నాలో లోపం వచ్చింది" అని తన చీటీని అంకెల రూపంలో పంపింది. ప్రధాన కంప్యూటరు ఆ చీటీని దారి చెప్పే లెక్క అనుకుంది. ఎంతో పక్కకు పోయామని భావించి, ఇంజను గొట్టాలను ఆ చివరికంటా తిప్పేసింది. రాకెట్టు ఒరిగింది అందుకే.

ఇంతకన్న చిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. పొర్లిన ఆ లెక్క రాకెట్టు నేల విడిచాక దేనికీ పనికిరాదు! అది ఎగరకముందు పరికరాన్ని సరిచూసుకునే లెక్క. ఆఖరి క్షణంలో ప్రయాణం ఆగితే మళ్ళీ మొదటినుంచి సరిచూడనక్కర లేకుండా, లేచిన తరవాత కూడా సుమారు 40 సెకన్లు దాన్ని నడవనిచ్చేవారు. పాత రాకెట్టులో ఆ ఏర్పాటు ఒకే ఒక్కసారి అక్కరకొచ్చింది, 1989లో. ఏరియేన్-5కు దాని అవసరమే లేదు. అయినా పాత ప్రోగ్రాముతో పాటు వచ్చేసింది.

జాక్-లూయీ లియోన్స్ అనే గణిత శాస్త్రజ్ఞుడి అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. 1996 జూలైలోనే నివేదిక ఇచ్చింది. అందులో నా దృష్టికి ముఖ్యమనిపించేది ఒక్క విషయం. ఏరియేన్-5 నిజంగా పోబోయే దారి తాలూకు అంకెలను ఆ పరికరానికి ఇచ్చి నేలమీద ఒక్కసారీ నడిపి చూడలేదు. చూసి ఉంటే ఆ తప్పు నేలమీదే దొరికేది. ప్రమాదం తరవాత అలా నడిపి చూశారు. తప్పు ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కనబడింది.

క్లస్టర్ శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. మళ్ళీ నాలుగు ఉపగ్రహాలు తయారయ్యాయి. 2000 సంవత్సరంలో రెండేసి చొప్పున రష్యా సోయజ్ రాకెట్ల మీద ఎగిరి, 2024 సెప్టెంబరు దాకా పనిచేశాయి. ఏరియేన్-5 కూడా సరిదిద్దుకుని, 2023లో విరమించేవరకు చాలాకాలం నమ్మకంగా సేవ చేసింది. మన ఇన్సాట్-3బి ఉపగ్రహాన్ని 2000 మార్చిలో పైకి చేర్చింది అదే.

మూడు అంకెల పరీక్ష

ఇప్పుడు మీకొక పని. పెన్సిలు తీసుకోండి. ఒక ప్రోగ్రాం ఉంది. దానికి మూడు అంకెలు ఇస్తే, అవి ఒక త్రిభుజం భుజాలనుకుని, అది సమబాహు త్రిభుజమో, సమద్విబాహు త్రిభుజమో, విషమబాహు త్రిభుజమో చెబుతుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చడానికి మీరు ఏయే అంకెలు ఇస్తారు? కింది పేరా చదవకుండా ముందుగా మీ జాబితా రాయండి.

గ్లెన్‌ఫర్డ్ మయర్స్ అనే ఆయన 1979లో ప్రోగ్రాముల పరీక్ష గురించి రాసిన పుస్తకంలో ఇచ్చిన లెక్క ఇది. మంచి జాబితాలో ఉండవలసినవి ఆయన 14 చెప్పాడు. బాగా అనుభవమున్న ప్రోగ్రామర్లకు కూడా సగటున 7.8 మాత్రమే తట్టాయట. కాబట్టి మీకు అయిదు తట్టినా చిన్నబుచ్చుకోనక్కర లేదు.

3, 4, 5 అందరూ రాస్తారు. 5, 5, 5 కూడా. 5, 5, 3 రాసి ఉంటారు. మరి 5, 3, 5? 3, 5, 5? ప్రోగ్రాం మొదటి రెండు భుజాలనే పోల్చి చేతులు దులుపుకుంటే ఈ రెండే పట్టిస్తాయి. 1, 2, 4 ఇస్తే త్రిభుజమే రాదు. రెండు భుజాల మొత్తం మూడోదానికన్న ఎక్కువ ఉండాలని మీరు చదువుకున్నారు. అసలు అంచు 1, 2, 3. ఒకటి, రెండు కలిపితే సరిగ్గా మూడు. స్కేలుతో గీసి చూడండి, త్రిభుజం నేలకు అతుక్కుపోయి గీత అయిపోతుంది. దాన్ని ఏమనాలి? ఇంకా 0, 4, 5 ఉంది. 0, 0, 0 ఉంది, తొందరపడ్డ ప్రోగ్రాం దీన్ని సమబాహు త్రిభుజం అనేస్తుంది. రుణ సంఖ్య, రెండే అంకెలు ఇవ్వడం, అంకె బదులు అక్షరం, ఇవన్నీ ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఏ జవాబు రావాలో ముందే రాసి పెట్టుకోవాలన్నది కూడా ఆ 14లో ఒకటి. ముందు రాసుకోకపోతే, వచ్చిన జవాబే సరైనదని మనసు ఒప్పేసుకుంటుంది.

ఇప్పుడు వీటికి ఇంకొకటి చేర్చండి: 200 కోట్లు, 200 కోట్లు, 200 కోట్లు. నిజంగా సమబాహు త్రిభుజమే. ప్రోగ్రాం రెండు భుజాలు కలుపుతుంది. 400 కోట్లు రావాలి. కాని 32 బిట్ల హద్దు 214 కోట్ల చిల్లరే గదా! చాలా యంత్రాల్లో మీటరు తిరిగి, రుణ సంఖ్యల్లో పడి, మైనస్ 29,49,67,296 వస్తుంది. అది 200 కోట్ల కన్న ఎక్కువా? కాదు. కాబట్టి "ఇది త్రిభుజం కాదు" అంటుంది యంత్రం.

ఈ జబ్బు పెద్ద పెద్దవారి ప్రోగ్రాముల్లోనూ దొరికింది. నిఘంటువులో మాట వెతకాలంటే మీరు నడిమికి తెరిచి, ముందుందా వెనకుందా చూసి, మళ్ళీ ఆ సగంలో నడిమికి తెరుస్తారు. కంప్యూటరూ అంతే. నడిమి పేజీ కావాలంటే మొదటి, చివరి అంకెలు కలిపి రెండుతో భాగించాలి. ఆ కూడికే హద్దు దాటవచ్చునని, జావా భాషతో పాటు ఇచ్చిన ప్రోగ్రాములోనే సుమారు తొమ్మిదేళ్ళుగా ఆ తప్పు దాగి ఉందని జాషువా బ్లాక్ అనే ఆయన 2006లో వెల్లడించాడు. వెతికే జాబితా 100 కోట్లు దాటితే గాని అది బయటపడదు.

రూలు లేని చోట

పైన "చాలా యంత్రాల్లో" అన్నాను. అన్నిట్లో అని ఎందుకు అనలేదు?

గోళీలాట ఆడుతున్నారు. మీ దెబ్బకు అవతలివాడి గోళీ రెండు ముక్కలైంది. ఒక ముక్క గీత లోపల, ఒకటి బయట. ఇప్పుడు గెలుపెవరిది? మీ వీధి రూల్లో అది లేదు. ఒక వీధిలో గెలుపంటారు, ఇంకొక వీధిలో ఆట రద్దంటారు, మరొకచోట జుట్టూ జుట్టూ పట్టుకుంటారు.

ప్రోగ్రాములు రాసే భాషలకు కూడా రూల పుస్తకం ఉంటుంది. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ తయారుచేసిన సి భాష చాలా ప్రసిద్ధం. 1989లో దానికి అమెరికాలో ప్రామాణిక నియమావళి వచ్చింది. అందులో కొన్ని పరిస్థితుల గురించి, ఇలా జరిగితే ఏమవుతుందో మేము నిర్వచించడం లేదు అని స్పష్టంగా రాసి ఉంది. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే లెక్క హద్దు దాటి పొర్లడం వాటిలో ఒకటి. పది గళ్ళ వరసలో పదకొండో గడిని ముట్టుకోవడం మరొకటి. ఇలాంటివాటిని అనిర్వచిత ప్రవర్తన అంటారు. రకరకాల యంత్రాలు రకరకాలుగా చేస్తాయి కాబట్టి, వేగం తగ్గకూడదు కాబట్టి, అలా వదిలేశారు.

ఇక్కడే మెలిక. మనం రాసిన సి ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చేది కంపైలరు అనే మరో ప్రోగ్రాం. రూల పుస్తకం దానికి ఎంత స్వేచ్ఛ ఇచ్చిందంటే, అలాంటి పరిస్థితి అసలు రానే రాదని అది అనుకోవచ్చు. ఒక జాగ్రత్తపరుడు ఇలా రాశాడనుకోండి: "ఈ సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది ఈ సంఖ్య కన్న చిన్నదైతే, మీటరు తిరిగిందన్నమాట, ఆపు." కంపైలరు ఏమనుకుంటుంది? పొర్లడం జరగదు, ఒకటి కలిపితే సంఖ్య పెద్దదే అవుతుంది, కాబట్టి ఈ తనిఖీ ఎప్పటికీ పనికిరాదు అనుకుని దాన్ని కొట్టేస్తుంది! దొంగలు రాకూడదని ఊళ్ళో కట్టుబాటు ఉంది కనుక కావలివాణ్ణి పని మాన్పించినట్టు. 2009లో లైనక్స్ అనే ప్రసిద్ధ వ్యవస్థలో ఇలాగే ఒక తనిఖీ మాయమై, దొంగచాటుగా చొరబడేందుకు సందు ఏర్పడింది.

దీనివల్ల పరీక్షించేవారికి గొప్ప చిక్కు. మామూలు తప్పయితే పరీక్షలో తప్పు జవాబు వస్తుంది, దొరికిపోతుంది. అనిర్వచితమైనది నిన్న సరైన జవాబే ఇవ్వవచ్చు. ఇవాళ కంపైలరు మార్చగానే వేరే జవాబు ఇవ్వవచ్చు. అందువల్ల ఇప్పుడు ఒక ఉపాయం చేస్తున్నారు. పరీక్ష సమయంలో మాత్రం, ప్రతి కూడిక పక్కనా, ప్రతి గడి ముందూ కంపైలరు చేతనే ఒక కాపలా మాట రాయిస్తారు. హద్దు దాటితే చాలు, జవాబు సరైనదే వచ్చినా సరే, ఫలానా వరసలో దాటావు అని అరుస్తుంది. ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తుంది. నడవనీ.

ఉరుముల రాత్రి

మనిషి బుద్ధికి తట్టని అంచులు కూడా ఉంటాయి. అవి ఎలా దొరుకుతాయి? 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఒక రాత్రి ఇంటినుంచి టెలిఫోను తీగ మీదుగా విశ్వవిద్యాలయం కంప్యూటరుతో పనిచేస్తున్నాడు. బయట ఉరుములు, మెరుపులు, వాన. ఆ గోలకు తీగలో పిచ్చి అక్షరాలు వచ్చి పడుతున్నాయి. అక్షరాలు చెడితే చెడ్డాయి గాని, అవి తగిలి ప్రోగ్రాములే కూలిపోతున్నాయి! ఆయన దీన్ని విద్యార్థులకు పనిగా ఇచ్చాడు. ఏ అర్థమూ లేని అక్షరాలను కుప్పలుగా తయారుచేసి ప్రోగ్రాముల మీద కుమ్మరించండి అన్నాడు. 1990లో ఫలితాలు ప్రకటించారు. ఎందరో రోజూ వాడుతున్న దాదాపు 90 ప్రోగ్రాములను పరీక్షిస్తే, యంత్రాన్ని బట్టి సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కూలాయి. చాలావాటి జబ్బు ఆ పదకొండో గడే.

అయితే అన్ని అంకెలూ ఇచ్చి చూసేస్తే పోలేదా అంటారేమో. లెక్క వేద్దాం. 32 బిట్ల సంఖ్యలు రెండింటిని కలిపే ప్రోగ్రాం ఉంది. రెండు సంఖ్యల జతలు ఎన్ని? సుమారు 1,84,467 కోట్ల కోట్లు. సెకనుకు 100 కోట్ల జతలు చూసే యంత్రం పెట్టినా 584 సంవత్సరాలు పడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు పుట్టకముందు మొదలుపెట్టి ఉంటే ఈపాటికి పూర్తయ్యేది, అదీ ఒక్క కూడికకు!

కాబట్టి అంచులు ఎంచుకోక తప్పదు. ఓపికగా ఎంచుకుంటే ఫలితం ఉంటుంది కూడా. 2015లో బోయింగ్ 787 విమానాల గురించి అమెరికా విమానయాన శాఖ ఒక హెచ్చరిక ఇచ్చింది. విమానానికి కరెంటు ఆపకుండా 248 రోజులు ఉంచితే, జనరేటర్లను అదుపు చేసే ప్రోగ్రాములోని ఒక లెక్క పొర్లి, జనరేటర్లన్నీ ఒక్కసారి ఆగవచ్చు, మధ్యలో ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి అని. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647ను సెకనులో వందో వంతులనుకుని రోజుల్లోకి మార్చండి. ఎంత వచ్చింది? ఈ తప్పును గాలిలో కాదు, ప్రయోగశాలలో పరీక్షించి కనుక్కున్నారు.

ఇంకొక అంచు మన ముందుంది. ఎన్నో కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్క 32 బిట్లలో ఉన్న యంత్రాల్లో అది 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. ఆ తరవాతి సెకనుకు అలాంటి యంత్రం 1901 డిసెంబరు అనుకోవచ్చు. చాలావాటిని ఇప్పటికే 64 బిట్లకు మార్చారు. గోడల్లో, మీటర్లలో, యంత్రాల పొట్టల్లో ఉండిపోయిన పాతవాటి సంగతి చూడాలి. ఆనాటికి మీకెన్నేళ్ళు వస్తాయో లెక్కవేసుకోండి. ఆ పని చేసేది బహుశా మీరే. ఎలా చేస్తారంటారా? అప్పటిదాకా ఆగనక్కర లేదు. పరీక్షకు పెట్టిన యంత్రం గడియారాన్ని ఆ రోజు ఉదయం 8 గంటల 44 నిమిషాలకు జరుపుతారు. ఏడు సెకన్లు ఆగుతారు. ఎనిమిదో సెకనులో తెర మీద ఏం కనబడిందో కాగితం మీద రాసుకుంటారు.